ఎడమ కంట్లో రెండో గీత

కళ్ళకి లేజర్ చేయించుకోవాలా, కాంటాక్ట్ లెన్సులతోనే నెట్టుకురావాలా అని మా ఊరి తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో తరచుగా ఎవరో ఒకరు అడుగుతుంటారు. అడగడమే ఆలస్యం, జవాబులు వచ్చి పడతాయి. ‘నేను చేయించుకున్నా, సూపర్.’ ‘మా ఆయనకి ఐదు నిమిషాల్లో అయిపోయింది.’ ‘ఏం కాదు, వెళ్ళిపో.’ నేను మాత్రం ఏమీ రాయను. మొదలుపెడితే ఆ చిన్న డబ్బాలో పట్టే సంగతి కాదు. ఇప్పుడు నా కళ్ళు కాస్త కుదుటపడ్డాయి కాబట్టి కూర్చుని మొత్తం రాస్తున్నాను. చదివి ఎవరూ భయపడక్కర్లేదు. కాస్త అనుమానపడితే చాలు.

మేం ఉండేది మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. కార్ల హెడ్‌లైట్లు చేసే కంపెనీలో నేను ఇంజినీర్‌ని. తయారుచేసే జట్టులో కాదు, తప్పులు పట్టే జట్టులో. పొడవాటి చీకటి గదికి ఒక చివర లాంపు, రెండో చివర తెల్లగోడ. గోడమీద వెలుగు పడ్డప్పుడు కింద వెలుతురు, పైన చీకటి, మధ్యలో కత్తితో కోసినట్టు ఒక గీత ఉండాలి. ఆ గీత చెదిరితే ఎదురుగా వచ్చే డ్రైవర్ కళ్ళు జిగేల్మంటాయి. ఆ గీతని అనుమానంగా చూడడానికే నాకు జీతం ఇస్తారు.

ఒక ఏప్రిల్‌లో, మామూలు పరీక్షలో, ఆ గీత నాకు రెండుగా కనిపించింది. అసలు గీతకి కాస్త పైన, పాలిపోయిన ఇంకో గీత, నీడలా. లాంపులో లోపమనుకుని పక్కన పెట్టాను. ఇంకోటి బిగించినా అంతే. ఆ బ్యాచ్ మొత్తం చెడిపోయిందని మా టీమ్‌లో చెప్పేశాను. నాతో పనిచేసే డేవ్ గోడకి ఫోటో తీసి ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఫోటోలో గీత ఒక్కటే ఉంది. గదిలోకి తిరిగివెళ్ళి ఒంటరిగా నిలబడి ఒక్కో కన్నూ మూసి చూశాను. కుడికన్నుతో ఒకటే గీత. ఎడమకన్నుతో రెండు.

ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. లెన్సు మురికిపట్టి ఉంటుందని కొత్తది మార్చాను. దాన్నీ మార్చాను. కాకినాడలో ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచి లెన్సులు పెట్టుకుంటున్నదాన్ని, వాటి వేషాలన్నీ నాకు తెలుసనుకునేదాన్ని.

కళ్ళు పరీక్షచేసి అద్దాలూ లెన్సులూ అక్కడే అమ్మే ఒకాయన దగ్గరికి ఏటా వెళ్తుంటాను. ఆయన గడ్డం ఆనించమని, అక్షరాలు చదవమని, ఎడమ కంటికి పవర్ కొంచెం పెరిగిందన్నాడు.

“పోయినేడూ అదే అన్నారు. అంతకు ముందేడూ అదే అన్నారు. కుడికన్ను కదలకుండా ఉంటే ఎడమది ఒక్కటే ఎందుకు పెరుగుతోంది?”

“కొందరికి అంతే,” అన్నాడాయన. ఇంకా మెత్తటి కొత్తరకం లెన్సు వచ్చింది, ట్రై చెయ్యమన్నాడు.

లేజర్ చేయించుకుంటే ఎలా ఉంటుందని అడిగాను. ఆయన ముఖం మారింది. వద్దన్నాడు, కళ్ళు ఎండిపోతాయన్నాడు, తన సొంత చెల్లెలికైతే చెప్పనన్నాడు. ఆయన వెనక గోడనిండా లెన్సుల పోస్టర్లు. ఈయన నా కంటి గురించి మాట్లాడుతున్నాడా, తన గిరాకీ గురించా అనుకుంటూ బయటికి వచ్చాను.

ఆ సాయంత్రమే మావారు రఘుకి చెప్పేశాను. రఘుది కరీంనగర్. హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తూ పెళ్ళిచేసుకున్నాం. తను కొన్నేళ్ళ కిందటే లేజర్ చేయించుకున్నాడు. అప్పటినుంచీ కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు ఎవరు కనిపించినా జాలిపడేవాడు.

“నేను ఎన్నడో చెప్పిన. ఆ లెన్సులతోనే నీకు ఈ తిప్పలన్ని. నాకు చేసిన్రు కదా, ఏమైంది? మంచిగున్న కదా,” అన్నాడు. మర్నాడే తనకి చేసిన సెంటర్‌లోనే నాకు అపాయింట్‌మెంట్ బుక్ చేశాడు.

ఆ సెంటర్ ఆసుపత్రిలా ఉండదు. హోటల్ లాబీలా ఉంటుంది. కాఫీ మెషిన్, గోడమీద కళ్ళజోళ్ళు గాలిలోకి విసిరేస్తున్న మనుషుల ఫోటోలు. కౌన్సెలర్ అనే అమ్మాయి మొదటి నిమిషం నుంచే నన్ను నా పేరుతో, చాలాకాలం స్నేహితురాలిలా పిలిచింది. లెన్సులు అక్కడే బాత్రూమ్‌లో తీసి డబ్బాలో పెట్టమంది. తీసిన వెంటనే మెషిన్ దగ్గర కూర్చోబెట్టి రెండు కళ్ళూ కొలిచారు. కాసేపటికి ఆ అమ్మాయే నవ్వుతూ వచ్చి, “యూ ఆర్ అ గ్రేట్ క్యాండిడేట్,” అంది.

మా ప్లాంట్‌లో ప్లాస్టిక్ భాగాలు అచ్చులోంచి వేడివేడిగా వస్తాయి. వాటిని అప్పుడే కొలవం. చల్లారి, అసలు ఆకారానికి వచ్చాకే కొలుస్తాం. వేడిమీద కొలిచిన కొలతని నమ్మినవాడికి మా దగ్గర ఉద్యోగం ఉండదు. లెన్సు రోజంతా కంటిమీద అతుక్కుని ఉంటుంది కదా, దాని ఒత్తిడికి కన్ను ఆకారం మారి ఉండదా అనిపించింది.

“లెన్సులు ఆపిన కొన్నాళ్ళకి కొలవాలని ఎక్కడో చదివాను,” అన్నాను.

“అవును, సర్జరీకి ముందు రెండు వారాలు ఆపాలి. ఈరోజు జస్ట్ కన్సల్టేషన్.”

“ఆపాక మళ్ళీ కొలుస్తారా?”

“సర్జరీ రోజు పొద్దున డాక్టర్ అన్నీ చూస్తారు.”

“డాక్టర్‌ని అంతకు ముందు కలవచ్చా?”

ఆ అమ్మాయి నవ్వు కాస్త తగ్గింది. ఆయన ఆపరేషన్లతో చాలా బిజీ అంది. రెండు గీతల సంగతి చెప్తే, లేజర్ తర్వాత అలాంటివన్నీ పోతాయంది. జూన్ మొదటివారంలో ఒక శుక్రవారం ఖాళీ ఉంది, అది దాటితే చాలా దూరం పోతుందంది. రఘు నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆ తలూపడం ఎందుకో నాకే తెలీదు.

మే నెలలో అత్తమ్మ కరీంనగర్ నుంచి వచ్చింది. నాలుగైదు నెలలు ఉంటుంది కదా, ఆపరేషన్ సమయానికి ఇంట్లో మనిషి ఉంటుందని రఘు సంబరపడ్డాడు. అత్తమ్మకి అంతకు ముందేడు రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. నాది వేరే ఆపరేషన్ అని ఎన్నిసార్లు చెప్పినా తనదీ నాదీ ఒకటే లెక్కలో వేసుకుంది.

“ఏం గాదు బిడ్డా. పొద్దున చేసిన్రు, మధ్యాహ్నం ఇంటికొచ్చి పప్పుచారు చేసుకున్న. చీమ కుట్టినట్టు గూడ లేకుండె.”

చేయించుకున్న ప్రతివాళ్ళూ ఇదే మాట. ఇందరు మనుషుల్లో ఒక్కరికి కూడా నొప్పి పుట్టలేదా, భయం వెయ్యలేదా అనిపించేది. మా ప్లాంట్‌లో ఏ టెస్టులోనైనా అన్ని శాంపిళ్ళూ పాసయితే మేం ముందు టెస్టు మెషిన్‌ని అనుమానిస్తాం.

మే చివర్లో లెన్సులు ఆపి పాత కళ్ళజోడు పెట్టుకున్నాను. ఆ రోజుల్లో తెలిసింది అసలు సంగతి. కళ్ళజోడుతో కుడికన్ను బాగానే ఉంది. ఎడమకన్ను మాత్రం అద్దం ఉన్నా లేకున్నా ఒకటే. టీవీలో అక్షరాలకి తోకలు మొలిచేవి. ట్రాఫిక్ లైటు చుట్టూ ఎర్రటి మరకలు కారినట్టు ఉండేవి. లెన్సు ఇన్నాళ్ళూ దేన్నో కప్పి ఉంచిందన్నమాట. అప్పటిదాకా మనుషుల మీదే అనుమానం. ఇప్పుడు నా కన్ను మీదే మొదలైంది.

ముందు పట్టుకున్నది మా అమ్మాయి సాన్వి. దానికి ఎనిమిదేళ్ళు. కూరగాయలు తరుగుతున్న నా పక్కకి వచ్చి, “అమ్మా, నువ్వు వై వన్ ఐ క్లోజ్ చేస్తున్నావ్?” అంది.

అత్తమ్మ స్టవ్ దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. “నేను గూడ చూస్తనే ఉన్న. వచ్చినకాన్నుంచి చూస్తున్న. ఒక కన్ను మూసి చూస్తది, లేకుంటె కండ్లు నలుపుకుంటది. గట్ల నలపకు బిడ్డా, గుడ్డు అరుగుతది.”

నేను నవ్వి మళ్ళీ తరగడంలో పడ్డాను. మిషిగన్‌లో వసంతం వస్తే గాలినిండా పుప్పొడి. దురదకి కళ్ళు నలుపుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఆ వారంలోనే రఘు కారు తీసుకుని సాన్విని డ్యాన్స్ క్లాసుకి దింపడానికి వెళ్ళాను. టిష్యూల కోసం గ్లవ్ బాక్స్ తెరిస్తే కంటి చుక్కల సీసాలు దొర్లిపడ్డాయి. కొన్ని ఖాళీవి, ఒకటి సగం వాడినది. అన్నీ కళ్ళు ఎండిపోకుండా వేసుకునేవి. తిరిగివచ్చి వాటిని రఘు ముందు పెట్టాను.

“ఇవేంటి?”

“చుక్కలు. ఏసీకి కండ్లు కొంచెం డ్రై అయితయ్.”

“ఎప్పటి నుంచి?”

ఒక ఖాళీ సీసా తీసి మూత బిగించాడు. “లేజర్ చేసినప్పటి సందే. చీకటిపడ్డంక డ్రైవ్ చేస్తె లైట్ల చుట్టూ రింగులు గూడ కనపడ్తయ్. గంతే. చిన్న విషయం.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వు ఇట్లనే చేస్తవని. నాకు నిజంగ మంచిగున్నది హైమా. అద్దాలు లేకుంట ఈత కొడ్తున్న. ఈ చుక్కలు పెద్ద లెక్కనా? నువ్వేమో ఎవ్వల్ని నమ్మవు. డాక్టర్‌ని నమ్మవు, సెంటర్‌ని నమ్మవు, ఇప్పుడు నన్ను గూడ నమ్ముతలేవు.”

“నమ్మేలా నువ్వు ఉన్నావా? కౌన్సెలర్ చెప్పనిది నువ్వైనా చెప్పాలి కదా.”

అత్తమ్మ సాన్విని తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండురోజులు మా ఇంట్లో మాటలన్నీ సాన్వి ద్వారానే నడిచాయి. నిజానికి రఘు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. లేజర్ తనకి మేలే చేసింది. కానీ ‘సూపర్’ అనే ఆ మాటకి వెనక గ్లవ్ బాక్స్ కూడా ఉందని తెలిశాక, అలాంటి ఎన్ని సూపర్లు విని నేను తలూపానో అనిపించింది.

ఎవరికీ చెప్పకుండా యూనివర్సిటీ ఆసుపత్రికి ఫోన్ చేశాను. కార్నియా, అంటే కంటి నల్లగుడ్డు పైన ఉండే పారదర్శకపు పొర, దానికి ప్రత్యేకంగా డాక్టర్లు ఉంటారట. ఎవరో రానన్నారని శుక్రవారానికి ముందే ఒక టైమ్ దొరికింది.

ఆ వెయిటింగ్ రూమ్‌లో కాఫీ మెషిన్ లేదు. ఫోటోల్లో నవ్వే మనుషులూ లేరు. కంటికి గంతలు కట్టుకున్నవాళ్ళు, చెయ్యి పట్టుకుని నడిపించాల్సినవాళ్ళు. ఇంత పెద్ద జబ్బులవాళ్ళ మధ్య నేనెందుకు వచ్చానని సిగ్గేసింది. టెక్నీషియన్ ఒకదాని తర్వాత ఒకటిగా మెషిన్ల దగ్గర కూర్చోబెట్టింది. ఎడమ కంటిని మళ్ళీ కొలవాలంది. మళ్ళీ కొలిచింది. ఏమైందని అడిగితే డాక్టర్ చెప్తారంది. తర్వాత కంటిపాపలు పెద్దవి కావడానికి చుక్కలు వేసి బయట కూర్చోమంది.

చుక్కలతో ప్రపంచం పాలలో ముంచినట్టయింది. చేతిలో ఫోన్ మోగింది. మెసేజ్ వచ్చిందని తెలుస్తోంది, ఎంత దూరం పెట్టినా ఒక్క అక్షరం కనపడదు. నా పక్కన భర్తని చూపించడానికి డెట్రాయిట్ నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె కూర్చుని ఉంది. నా తంటాలు చూసి, “కావాలంటే నేను చదివిపెట్టనా హనీ?” అంది. ఫోన్ ఇచ్చాను. రఘు మెసేజ్. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క ముక్కా కూడబలుక్కుని చదివింది. “సారీ రా. ఎక్కాడ ఉన్నవ్. టిన్నవా.” చదివి, “ఎవరో నీకు సారీ చెప్తున్నారు. తక్కిందేమిటో నాకు తెలీలేదు,” అంది.

“తిన్నావా అని అడుగుతున్నాడు,” అన్నాను.  ఆవిడ తన సంచీలోంచి బిస్కెట్ల పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టింది. “అయితే తిను, తిన్నానని చెప్పు. నేను టైప్ చేస్తాను.” ఎక్కడున్నానో, ఎన్నింటికి వచ్చి తీసుకెళ్ళాలో కూడా ఆవిడచేతే రఘుకి రాయించాను.

డాక్టర్ నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. చేతులు కడుక్కుంటూ, తడి తుడుచుకుంటూ నా మాటలన్నీ విన్నది. రెండు గీతల దగ్గర ఆగి, ఆ నీడ పైనుందా పక్కనుందా అని అడిగింది. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. చీకట్లో నా కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరిపింది.

“శుక్రవారం ఆ లేజర్ చేయించుకోవద్దు,” అంది.

కార్నియా గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా ఉండాలట. నా ఎడమ కంటిది కిందివైపు పలచబడి, కోనులా ముందుకి తోసుకొస్తోందట. కెరటోకోనస్ అంటారట. కుడికంట్లో కూడా చాలా కొద్దిగా ఉందట. లేజర్ అంటే ఆ పొరనే ఇంకాస్త చెక్కడం.

“చేయించుకుని ఉంటే ఏమయ్యేది?”

“కచ్చితంగా చెప్పలేను. పలచబడిన పొర ఆ తర్వాత నిలబడకపోవచ్చు. చూపు త్వరగా దిగజారుతుంది. అలాంటివాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. కొందరికి దాత ఇచ్చిన కార్నియా కుట్టాల్సి వస్తుంది.”

ఆవిడ చెప్తూనే ఉంది. ఈ ఉబ్బు ముదురుతుంటే ఆపడానికి ఒక చికిత్స ఉంది, విటమిన్ చుక్కలు వేసి అల్ట్రావయొలెట్ కాంతి పెడితే పొర గట్టిపడుతుంది, చూపు బాగుపడదు కానీ ఇంతకంటే చెడకుండా ఆగుతుంది.  మొన్న ఒకచోట లేజర్, ఈరోజు ఇంకోచోట ఇంకో లైటు. అక్కడ గ్రేట్ క్యాండిడేట్‌ని, ఇక్కడ రోగిని. ఎవరి దగ్గర ఏ మెషిన్ ఉంటే నాకు ఆ జబ్బు ఉన్నట్టుంది.

“ముదురుతోందని మీకెలా తెలుసు?” అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. “మీరు నన్ను కొలిచింది ఈ ఒక్కరోజే కదా. ఒక్క చుక్క పెట్టి దాంట్లోంచి గీత గీస్తారా?”

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. కలం కింద పెట్టింది. “మంచి ప్రశ్న. నిజమే, ఒక్క కొలతతో తెలీదు. సెప్టెంబర్‌లో రండి. లెన్సులు ఆపి రండి. మారకపోతే మీ కంటికి ఏమీ చెయ్యను. అప్పటిదాకా ఒక్కటే పని. కళ్ళు నలపొద్దు.”

ఈ మొత్తం వ్యవహారంలో నాకేదీ చెయ్యకుండా ఇంటికి పంపిన మొదటి మనిషి ఆవిడ. ఆవిడ మీద నమ్మకం లాంటిదేదో మొదలైంది అప్పుడే. అయినా పార్కింగ్‌లో రఘు వచ్చేదాకా కూర్చుని, ఆవిడ గురించి ఫోన్‌లో వెతకబోయాను. అక్షరాలు కనపడక మానేశాను.

రఘు కారు నడుపుతూ అంతా విన్నాడు.  ఇంటి ముందు ఆపాక స్టీరింగ్ మీద చేతులు అలాగే పెట్టుకుని, “శుక్రవారం నేనే తోలుకపోతుంటి,” అన్నాడు.

సెంటర్‌కి ఫోన్ చేసి చెప్తే, తమ రిపోర్టులో అలాంటిదేమీ లేదన్నారు. మళ్ళీ వచ్చి కొలిపించుకోమన్నారు. ఉన్నా కూడా ఆరోజు పొద్దున డాక్టర్ తప్పకుండా పట్టుకునేవారన్నారు. ఏమో, పట్టుకునేవారేమో. ఆ ప్రశ్నకి నాకు ఎప్పటికీ జవాబు దొరకదు. ఇప్పటికీ అటువైపు వెళ్ళాల్సివస్తే వేరే రోడ్డు పట్టుకుంటాను.

వేసవి అంతా ఎదురుచూపు. ఆ ఉబ్బు పైకి కనిపించేది కాదు, నొప్పి లేదు, మందు లేదు. పొద్దున లేస్తూనే కుడికన్ను మూసి ఎదుటి గోడమీద క్యాలెండర్ చదవడానికి ప్రయత్నించేదాన్ని. నిన్నటికంటే తక్కువ కనిపించిందా, లేక మబ్బుగా ఉందా? ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. హెడ్‌లైట్ పరీక్షించే మనిషికి కన్ను పోతోందంటే నా జాబ్ సంగతేంటి, జాబ్ మీద నిలబడ్డ నా వీసా సంగతేంటి? చీకటిగదిలో ఎడమకన్ను మూసి పనిచేసేదాన్ని. మేనేజర్ నా భుజం వెనక నిలబడితే చాలు, తెలిసిపోయిందేమో అనుకునేదాన్ని. చివరికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన, “కొలతలు కెమెరా తీస్తుంది, నీ కన్ను కాదు. నాకు కావల్సింది నీ బుర్ర,” అన్నాడు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాంలే అనుకున్నాను. ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాడు.

కళ్ళు నలపకుండా ఉండడం చెప్పినంత తేలిక కాదు. తెలియకుండానే చెయ్యి పైకి పోయేది. అత్తమ్మ ఎక్కడినుంచో “హైమా,” అని ఒక్క పిలుపు పిలిచేది. చెయ్యి దిగేది. రఘు అలర్జీ చుక్కలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. తన చుక్కలూ గ్లవ్ బాక్స్‌లోంచి అదే అరలోకి వచ్చాయి. ఒకరోజు అడిగాడు, “నా కండ్లు గూడ ఆ డాక్టర్‌కి చూపియ్యాల్నా?” భయంగా అడిగాడు. చూపించాం. తనవి బాగున్నాయి.

సెప్టెంబర్ కొలతలో కుడికన్ను మారలేదు కానీ ఎడమకన్ను ముదిరిందని తేలింది. డాక్టర్ రెండు కొలతలూ పక్కపక్కన చూపించింది. లేబొరేటరీలో నేనే ఆ రెండూ చూసి ఉంటే ఆ లాంపుని అక్కడికక్కడే ఫెయిల్ చేసేదాన్ని. సరే అన్నాను. అత్తమ్మ సెప్టెంబర్ చివర్లో వెళ్ళాలి. నాతో ఒక్కమాట చెప్పకుండా టికెట్ నవంబర్‌కి మార్పించుకుంది.

అక్టోబర్‌లో చేశారు. మత్తుచుక్కలు వేశారు కాబట్టి అప్పుడు నొప్పి లేదు. కానీ కన్ను రెప్ప వెయ్యకుండా పట్టి ఉంచి, పైపొరని మెల్లగా గీకి తీసేస్తున్నప్పుడు అది తెలుస్తుంది. తర్వాత పసుపుపచ్చటి చుక్కలు, పైనుంచి ఊదారంగు వెలుగు. కదలకూడదు. డాక్టర్ మాట్లాడుతూనే ఉంది, సగం అయింది, ఇంకొంచెమే, బాగా చేస్తున్నావు అంటూ. రెండో కన్నుతో ఏమీ చూడబుద్ధికాక అది మూసుకున్నాను.

మత్తు దిగాక మొదలైంది. ‘ఏం కాదు’ అని నేను రాయను. కంట్లో గాజుపెంకు పెట్టి రెప్పతో రుద్దుతున్నట్టు ఉంది. వెలుగు అంటేనే భయం. తలుపుసందులోంచి వచ్చే గీత కూడా సూదిలా గుచ్చేది. మొదటి మూడు నాలుగు రోజులు అలాగే. అత్తమ్మ కిటికీలకి దుప్పట్లు కట్టింది. చీకట్లోనే అన్నం కలిపి తినిపించింది. సాన్వి గుమ్మం దగ్గర నిలబడి, “అమ్మా, కెన్ ఐ కమ్?” అని గుసగుసగా అడిగి, లోపలికి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చునేది. నీ కళ్ళు పోతాయా అని ఒకసారి అడిగింది. పోవని చెప్పాను. నాకు నమ్మకం లేకుండా చెప్పాను.

ఒక మధ్యాహ్నం నొప్పి ఎక్కువై ఏడుస్తుంటే అత్తమ్మ నా తల ఒళ్ళోకి తీసుకుంది.

“నేను గూడ ఏడ్చిన బిడ్డా,” అంది.

“ఎప్పుడు?”

“నాకు చేసిననాడు. టేబుల్ మీద పండవెట్టంగనే కాళ్ళు వణికినయ్. డాక్టర్ సారు, ఏందమ్మా ఇట్ల వణుకుతున్నవ్ అని కోపం చేసిండు. ఇంటికొచ్చినంక మీ మామయ్య ఎట్లుండె అని అడిగిండు. ఆయనకు బీపీ. ఏం గాలేదన్న. ఇగ అందరికి అదే చెప్పిన.”

“పప్పుచారు?”

“పక్కింటోళ్ళు తెచ్చిచ్చిన్రు.”

ఆ నొప్పిలో నవ్వాను. నవ్వితే కన్ను ఇంకా మండింది. అందరూ ఎందుకు ఏం కాదంటారో అప్పుడు కొంచెం తెలిసింది. అబద్ధమాడాలని కాదు. ఎదుటివాళ్ళు బెదరకూడదని అంటారు. తర్వాత ఆ మాట అలవాటై అదే నిజమైపోతుంది. కానీ అది విని తలూపేవాళ్ళు ఉంటారు కదా.

చలికాలమంతా ఎడమకన్ను ముందు పొగమంచు పట్టినట్టే ఉంది. చికిత్స పనిచెయ్యలేదేమోనని, డాక్టర్ దాస్తోందేమోనని ప్రతి విజిట్‌లో అడిగేదాన్ని. ఆవిడ ప్రతిసారీ స్క్రీన్ నావైపు తిప్పేది. ఫిబ్రవరికి మసక తగ్గింది. కొలత నిలబడింది. అప్పుడు గట్టి లెన్సు ఒకటి అమర్చారు. మామూలు లెన్సుకంటే బాగా పెద్దది, చిన్న గిన్నెలా ఉంటుంది. దాన్నిండా సెలైన్ నీళ్ళు పోసి, తల వంచి, కంటికి ఆనించాలి. మధ్యలో బుడగ చిక్కితే మళ్ళీ మొదటికి. మొదటివారం బాత్రూమ్ నేలంతా నీళ్ళే. లేజరా లెన్సులా అని బయల్దేరినదాన్ని, చివరికి నేనెన్నడూ పేరు వినని లెన్సు దగ్గర తేలాను. దాంతో చూపు బాగానే ఉంది. కుడికన్నుతో సమానం కాదు. డ్రైవ్ చెయ్యగలను, చదవగలను.

ఎవర్నీ లేజర్ చేయించుకోవద్దని నేను అనను. మా ఇంట్లోనే దానితో సుఖంగా ఉన్న మనిషి ఉన్నాడు. లెన్సులు మంచివనీ అనను. అడగండి, అంతే చెప్తాను. లెన్సులు ఆపి ఎన్నాళ్ళకి కొలిచారో అడగండి. కోసే మనిషిని కొయ్యకముందే చూపించమనండి. విసుక్కుంటే వేరేచోటికి పొండి. విసుక్కోకుండా జవాబు చెప్పినవాళ్ళు దొరికితే, ఎక్కడో ఒకచోట ఆగండి కూడా. ఆ రెండోది నాకు ఇప్పటికీ సరిగా రాలేదు.

ఈ జబ్బు కొన్నిసార్లు తల్లిదండ్రుల నుంచి పిల్లలకి కూడా వస్తుందని డాక్టర్ చెప్పింది. పోయిన ఏప్రిల్‌లో పుప్పొడి మొదలవగానే సాన్వి కళ్ళు నలుపుకోవడం చూశాను. ఆ రాత్రి నేనూ రఘూ సరిగా నిద్రపోలేదు. ఆ వారమే తీసుకెళ్ళాం. అది మెషిన్ ముందు గడ్డం ఆనించి, నాకంటే బుద్ధిగా, రెప్ప వెయ్యకుండా కూర్చుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏమేం అడగాలో మనసులో వరసగా పెట్టుకుంటున్నాను.

డాక్టర్ లోపలికి వచ్చి సాన్వికి హాయ్ చెప్పింది. తర్వాత స్క్రీన్ నావైపు తిప్పింది.

“బాగున్నాయి. రెండు కళ్ళూ. అలర్జీ చుక్కలు రాస్తాను. ఏటా ఒకసారి చూద్దాం,” అంది. నేను నోరు తెరిచేలోపే మళ్ళీ అంది, “రెండుసార్లు కొలిచాను. నువ్వు అడుగుతావని తెలుసు.”

రఘు నావైపు చూశాడు. సాన్వి కుర్చీలోంచి దూకింది. “అమ్మా, షీ సెడ్ ఇట్స్ ఫైన్. లెట్స్ గో, నాకు ఆకలి వేస్తుంది.”

నేను వరసగా పెట్టుకున్నవాటిలో ఒక్కటీ అడగలేదు. దాని జాకెట్ జిప్పు పైకి లాగి, డాక్టర్‌కి థాంక్స్ చెప్పి బయటికి నడిచాను. ఆరోజు ఇంకో డాక్టర్ నంబర్ వెతకలేదు. తినడానికి ఎక్కడికి వెళ్దామో మాట్లాడుకుంటూ ముగ్గురం కారెక్కాం.